అంటార్కిటికాకు చిన్న ఓడలో: 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, విజయవాడ నుంచి ప్రయాణం. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

పటమట టీచర్ · ఆదివారం ఉదయం 6:40

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. క్లాసులో గ్లోబు తిప్పి చూపించేటప్పుడు అంటార్కిటికా దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఒకటే ఇబ్బంది. స్టాండు స్క్రూ సరిగ్గా అక్కడే దిగి ఉంటుంది. ఖండంలో సగం ఇత్తడి వాషరు కిందే ఉండిపోయేది. "టీచర్, దాని కింద ఏముంది?" అని ఒక పిల్లాడు అడిగాడు. మంచు అని చెప్పి పాఠం ముందుకు నడిపించాను. ఆ వాషరు కింద ఉన్నది నా కళ్లతో చూడాలని అప్పటినుంచీ కోరిక.

రిటైర్మెంటు డబ్బులో కొంత దీనికోసం పక్కన పెట్టుకున్నాను. బెజవాడలోనే ఒక ఏజెంటును కలిస్తే రెండు రేట్లు చెప్పారు. ఒకటి పెద్ద ఓడ. రెండోది చిన్న ఓడ, గైడ్లు వెంట ఉండి తిప్పుతారట, రేటు దాదాపు రెట్టింపు. పెద్ద ఓడే సుఖంగా ఉంటుంది కదా మేడమ్, మీ వయసుకు అదే మంచిది అంటున్నారు. మా అబ్బాయి ఆ డబ్బుతో యూరప్ రెండుసార్లు తిరిగి రావచ్చు అంటున్నాడు. మావారు వస్తానన్నారు కానీ ఆయనకు సముద్రం అంటే భయం. నాకు మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి చేస్తుంది. ఏం చేయమంటారు?

కొంగల చెరువు · ఆదివారం ఉదయం 7:25

టీచర్ గారూ, నాది గుంటూరు. పోయినేడాది జనవరిలో వెళ్లొచ్చాను. ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను చూస్తూ పెరిగినవాణ్ణి, అందుకే పెంగ్విన్ల కోసం వెళ్లాను.

ఆ రెండు రేట్ల మధ్య తేడా సుఖం గురించి కాదు. అక్కడికి టూరిస్టులను తీసుకెళ్లే కంపెనీలకు ఐయాటో అని ఒక సంఘం ఉంది. 1991లో ఏడు కంపెనీలు కలిసి పెట్టుకున్నాయి. వాళ్ల నియమం ప్రకారం 500 మందికి పైగా ప్రయాణికులున్న ఓడ ఎవరినీ ఒడ్డుకు దించకూడదు. అంతకంటే చిన్న ఓడలైనా ఒక చోట ఒకేసారి 100 మందికి మించి నేల మీద ఉండకూడదు. ప్రతి 20 మందికీ ఒక గైడు ఉండాలి. ఒక చోట ఒక ఓడే ఆగాలి.

ఇప్పుడు లెక్క వేసుకోండి. ఓడలో 100 మందే ఉంటే అందరూ కలిసి దిగుతారు. 200 మంది ఉంటే సగం మంది నేల మీద, సగం మంది రబ్బరు పడవల్లో మంచు గడ్డల మధ్య తిరుగుతూ ఉంటారు, తర్వాత మారతారు. 450 మంది ఉంటే మీ వంతు కోసం ఓడలోనే చాలాసేపు కూర్చోవాలి. కాబట్టి ఏజెంటును మొదట అడగాల్సింది రేటు కాదు. ఓడలో మొత్తం ఎంతమంది ప్రయాణికులు, రోజుకు ఎన్నిసార్లు దించుతారు? ఈ రెండూ అడగండి.

మిర్చి యార్డు రోడ్డు · ఆదివారం ఉదయం 8:02

పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. నాకు జరిగింది చెప్తాను, ఇంకొకరికి జరగకూడదు. మా అమ్మానాన్నల షష్టిపూర్తికి ఒక ఏజెంటు ద్వారా అంటార్కిటికా క్రూయిజ్ బుక్ చేశాను. బ్రోచరు నిండా పెంగ్విన్ల పక్కన నిలబడ్డ మనుషుల ఫొటోలు. తీరా ఓడ ఎక్కాక తెలిసింది, అందులో రెండు వేల మందికి పైగా ఉన్నారు, అది ఎక్కడా ఆగదు. నాలుగు రోజులు మంచు కొండల పక్కనుంచి వెళ్లి తిరిగొచ్చాం. బాల్కనీలోంచి చూస్తే అందంగానే ఉంది, కాదనను. కానీ మా నాన్న చివరి రోజు దాకా "ఎప్పుడు దిగుతాంరా?" అని అడుగుతూనే ఉన్నారు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. కొత్త బూట్లు కొన్నారు దీనికోసం. పెట్టెలోంచి తీయలేదు.

తిరిగొచ్చాక అడిగితే "దిగుతారని మేం రాసివ్వలేదు కదా" అన్నారు. టీచర్ గారూ, ఏం చెప్పినా కాగితం మీద రాయించుకోండి.

పటమట టీచర్ · ఆదివారం ఉదయం 9:15

బాబూ, మీ నాన్నగారి బూట్ల మాట చదివి మనసు చివుక్కుమంది. ఏజెంటుకు ఇప్పుడే ఫోన్ చేశాను. పెద్ద ఓడలో ఎంతమంది అని అడిగితే కనుక్కొని చెప్తానన్నారు. కొంగల చెరువు గారూ, ఒడ్డుకు దిగడం ఎలా ఉంటుంది? నా మోకాలికి పనికొస్తుందా? వివరంగా చెప్పండి.

కొంగల చెరువు · ఆదివారం ఉదయం 11:40

చెప్తాను. అక్కడ రేవు ఉండదు. ఓడ దూరంగా ఆగుతుంది. ఓడ పక్కనుంచి ఇనుప మెట్లు దించుతారు, కింద జోడియాక్ అనే గాలి నింపిన రబ్బరు పడవ ఉంటుంది. పది మంది దాకా పడతారు. పడవ అలకు పైకీ కిందికీ ఊగుతుంటుంది. పడవలోని మనిషి చెయ్యి అందిస్తాడు. మనం చేతిని చెయ్యితో పట్టుకోకూడదు, అతని ముంజేతిని మనం, మన ముంజేతిని అతను పట్టుకోవాలి. తడి చేతులైనా జారవు. అతను "ఇప్పుడు" అన్నప్పుడే అడుగు వేయాలి, తొందరపడకూడదు. పడవలోకి దిగగానే అంచు మీద కూర్చుని, కూర్చునే పక్కకు జరగాలి.

ఒడ్డుకు వచ్చాక అంచు మీద కూర్చునే రెండు కాళ్లూ బయటికి తిప్పి నీళ్లలోకి దిగాలి. మోకాలి కింద దాకా నీళ్లు, లోపల గుండ్రటి రాళ్లు. మా ఓడలో 78 ఏళ్ల జర్మన్ పెద్దావిడ రోజుకు రెండుసార్లు దిగింది. ఎక్కడా తొందరపడలేదు, అంతే.

ఇంట్లో అరుగు ఉంటే దాని మీద కూర్చుని రెండు కాళ్లూ ఒకేసారి అటు తిప్పి దిగడం రోజూ పదిసార్లు చేయండి. వారానికోసారి మంగళగిరి కొండ మెట్లు ఎక్కండి. ఎక్కడం కంటే దిగడమే మీకు అసలు సాధన, చేతికర్ర తీసుకెళ్లండి. ఓడలో కూడా కర్రలు ఇస్తారు.

ఒక విషయం ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. ఒడ్డున బాత్రూములు ఉండవు, బయట వెళ్లడానికి వీల్లేదు. దిగే ముందే వెళ్లి రావాలి. అత్యవసరమైతే చెప్పండి, పడవలో ఓడకు తీసుకెళ్తారు. సిగ్గుపడి ఊరుకోవద్దు. తిండి కూడా ఒడ్డుకు తీసుకెళ్లకూడదు. నేను మామూలుగా జేబులో వేరుశనగ పప్పులు వేసుకునే మనిషిని, రోజూ జేబులు దులుపుకుని దిగేవాణ్ణి.

లక్ష్మీపురం డాక్టర్ · ఆదివారం మధ్యాహ్నం 2:10

మేడమ్, నేను జనరల్ ఫిజీషియన్. ఓడలో ఒక డాక్టరు, చిన్న క్లినిక్ ఉంటాయి. అంతకు మించి ఏదైనా వస్తే అంటార్కిటికా దగ్గరే ఉన్న కింగ్ జార్జ్ ద్వీపం నుంచి విమానంలో చిలీలోని పుంటా అరేనాస్‌కు తరలించాలి. వాతావరణం బాగుంటేనే విమానం దిగుతుంది, రోజులు పట్టవచ్చు. అందుకే అత్యవసర తరలింపు ఖర్చు పెట్టే ఇన్సూరెన్స్ లేనిదే చాలా కంపెనీలు ఓడ ఎక్కనివ్వవు. బీపీ, షుగరు ఉంటే పాలసీలో దాచకుండా రాయండి. దాచితే అక్కడ క్లెయిమ్ తిరస్కరిస్తారు.

రోజూ వేసుకునే మందులు ప్రయాణం రోజులకు రెట్టింపు తీసుకుని, సగం చేతి సంచిలో, సగం మీవారి సంచిలో పెట్టండి. సముద్రపు వాంతులకు మాత్ర ఓడ ఊగడం మొదలయ్యాక వేస్తే లాభం లేదు, ముందే వేసుకోవాలి. ఏది వేసుకోవాలో మీ డాక్టరునే అడగండి, ఎందుకంటే గ్లకోమా, ప్రోస్టేట్ ఉన్నవాళ్లకు కొన్ని పడవు. ఏదైనా ఇంట్లో ఒకరోజు వేసి చూడండి, ఎంత మత్తు వస్తుందో తెలుస్తుంది. మత్తుగా ఉన్నప్పుడు ఓడ మెట్ల మీద పడితే మోకాలు కాదు, తుంటి విరుగుతుంది.

పటమట టీచర్ · ఆదివారం రాత్రి 8:30

అందరికీ నమస్కారం. నేను టీచర్ గారి భర్తను, ఆవిడ అకౌంటులోంచే రాస్తున్నాను. మా ఆవిడ ఉదయం నుంచీ అరుగు మీద కాళ్లు తిప్పుతోంది. నేను ఇరిగేషన్‌లో పని చేసినవాణ్ణి, బ్యారేజీ గేట్ల దగ్గర వరద నీళ్లు ఏం చేయగలవో కళ్లారా చూశాను. అందుకే నా భయం. దారిలో దాటాల్సిన డ్రేక్ పాసేజీ అనే సముద్రం గురించి వీడియోలు చూశాను. మంచు తగిలి ఓడ మునిగిన సంగతీ చదివాను. దాని గురించి తెలిసినవాళ్లు దాచకుండా చెప్పండి.

ఇంజన్ రూమ్ · ఆదివారం రాత్రి 10:15

సార్, నేను మర్చంట్ నేవీలో ఇంజినీరుని, గవర్నరుపేట. దాచకుండానే చెప్తాను.

మీరు చదివింది 2007 నవంబరు 23న జరిగింది. ఎమ్‌ఎస్ ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న ఓడ కింగ్ జార్జ్ ద్వీపం దగ్గర మంచును ఢీకొని మునిగింది. అందులో ఉన్న 154 మందీ లైఫ్ బోట్లలోకి దిగారు, కొన్ని గంటల తర్వాత మరో ఓడ వచ్చి అందరినీ ఎక్కించుకుంది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. తెరిచి ఉన్న పడవల్లో ఆ చలికి వణికారు. 2017 జనవరి 1 నుంచి ధ్రువాల దగ్గర తిరిగే ఓడలకు పోలార్ కోడ్ అని ప్రత్యేక నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు లైఫ్ బోట్లు పూర్తిగానో కొంతవరకో మూసి ఉండాలి, ఓడ ఎలాంటి మంచులో తిరగగలదో సర్టిఫికెట్ ఉండాలి, ఆఫీసర్లకు మంచులో ఓడ నడిపే శిక్షణ ఉండాలి. ఓడ పేరు తెలియగానే దాని ఐస్ క్లాస్, అంటే మంచును తట్టుకునే స్థాయి, ఏమిటో అడగండి, చెప్పడానికి వాళ్లు మొహమాటపడరు.

డ్రేక్ సంగతి. దక్షిణ అమెరికా కొసకూ అంటార్కిటికా పక్కనున్న దక్షిణ షెట్లాండ్ ద్వీపాలకూ మధ్య సుమారు 800 కిలోమీటర్లు. పోవడానికి దాదాపు రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. ఆ అక్షాంశంలో భూగోళం చుట్టూ అలకు అడ్డంగా ఎక్కడా నేల లేదు, గాలి తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. టీచర్ గారు మ్యాపులో వేలు పెట్టి చూపిస్తారు మీకు. అదృష్టం ఉంటే చెరువులా ఉంటుంది, లేకపోతే ఊపేస్తుంది. గదిని ఓడ మధ్యలో, కింది డెక్కులో తీసుకోండి. బాల్కనీ ఉన్న పై గదులకు రేటు ఎక్కువ, ఊపూ ఎక్కువ. ఇక్కడ తక్కువ రేటుదే మీకు మంచిది. మెట్ల మీద ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగు మీద ఉండాలి, తలుపు అంచు మీద వేళ్లు పెట్టకూడదు. ఓడ ఊగినప్పుడు తలుపు మూసుకుని వేళ్లు నలగడం నేను చూశాను.

అసలు డ్రేకే వద్దనుకుంటే పుంటా అరేనాస్ నుంచి విమానంలో రెండు గంటల్లో కింగ్ జార్జ్ ద్వీపానికి వెళ్లి అక్కడ ఓడ ఎక్కే ప్యాకేజీలు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, పొగమంచు ఉంటే విమానం ఆగిపోతుంది.

ఉండవల్లి గుహలు · సోమవారం ఉదయం 7:05

ఇంతమంది పెద్దవాళ్ల మధ్య రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను పర్యావరణం మీద ఎమ్మెస్సీ చేస్తున్నాను. 2023-24 సీజన్‌లో అక్కడికి లక్ష మందికి పైగా వెళ్లారు. ఇక్కడి నుంచి అక్కడికి విమానాల్లో తగలబడే ఇంధనం ఎంతో ఆలోచించండి. మంచు కరిగిపోతోందని చూడడానికి వెళ్లి ఆ మంచునే కరిగించడం న్యాయమా? అక్కడ సహజంగా పూలు పూసే మొక్కలు రెండే రెండు జాతులు. అలాంటి చోటికి మనిషి కాలు తగలకపోతేనే మంచిదని నా నమ్మకం.

కొంగల చెరువు · సోమవారం ఉదయం 9:50

తమ్ముడూ, నువ్వు అడిగింది నేనూ అడుక్కున్నాను. విమాన ఇంధనం సంగతి నిజం, దానికి నా దగ్గర సమాధానం లేదు. నేను ఆ తర్వాత ఇంక ఎక్కడికీ దూర ప్రయాణం పెట్టుకోలేదు.

కానీ కాలు తగలడం గురించి ఒకటి చెప్పాలి. ఓడ ఎక్కిన రెండో రోజు అందరినీ బట్టలు, సంచులు, బూట్లు తీసుకుని హాల్లోకి రమ్మన్నారు. ఒక్కొక్కరి వస్తువులూ వ్యాక్యూమ్ క్లీనర్‌తో, చిమటాతో వెతుకుతారు. నా కెమెరా సంచి మూత మీద ఉండే వెల్‌క్రో పట్టీని గైడు అమ్మాయి టార్చ్ వేసి చూసింది. చిమటాతో ఒక గింజ లాగింది. సన్నగా, గోధుమ రంగులో, చివర ముల్లు. ఉత్తరేణి గింజ. ఉప్పలపాడు చెరువు గట్టు మీద నా పంచెకు రోజూ అంటుకునేదే. పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా నాతో వచ్చేసింది. ఆ అమ్మాయి నన్ను ఏమీ అనలేదు, దాన్ని కాగితంలో మడిచి పెట్టింది. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. కింగ్ జార్జ్ ద్వీపంలో పోలండ్ వాళ్ల స్టేషన్ దగ్గర మనుషులతో వచ్చిన ఒక గడ్డి జాతి ఇప్పటికే పాతుకుపోయింది, పీకేస్తూనే ఉన్నారట.

ఆ తర్వాత దిగిన ప్రతిసారీ, ఎక్కిన ప్రతిసారీ బూట్లు మందు నీళ్లలో బ్రష్షుతో కడిగేవాళ్లం. 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా నేల మీద కూడా బర్డ్ ఫ్లూ బయటపడింది, కాబట్టి నేల మీద కూర్చోవడం, మోకాళ్ల మీద వంగడం, సంచి కింద పెట్టడం ఏవీ కుదరవు. పెంగ్విన్‌కు ఐదు మీటర్ల దూరంలో ఆగాలి. అది మన దగ్గరికి నడిచి వస్తే మనమే వెనక్కి తగ్గాలి.

ఒకటి మాత్రం మర్చిపోలేను. మెత్తటి మంచులో నా కాలు మోకాలి దాకా దిగబడింది. లాక్కుని వెళ్లబోతుంటే గైడు ఆపి, ఆ గుంటను మంచుతో పూడ్చి వెళ్లమన్నాడు. ఎందుకంటే రాత్రి ఆ దారిన పెంగ్విన్ వస్తే అందులో పడి బయటికి రాలేదట. బూటుతో మంచు తోసి పూడ్చాను. నా వెనుక నలభై మందీ తమ గుంటలు పూడ్చుకుంటూ వచ్చారు.

ఉండవల్లి గుహలు · సోమవారం ఉదయం 10:30

గుంట పూడ్చే సంగతి నాకు తెలియదు సార్. విమానాల విషయంలో నా మాట మార్చుకోను. కానీ వెళ్లేవాళ్లు మీలాగే వెళ్లాలి.

పైసా పైసా · సోమవారం మధ్యాహ్నం 1:20

డబ్బు సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి, బ్రాడీపేట నుంచి ఒక సీఏ. విదేశీ టూరు ప్యాకేజీ కొన్నప్పుడు టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకుంటుంది లేదా వెనక్కి వస్తుంది. రేటు బడ్జెట్లలో మారుతోంది, బుక్ చేసే రోజున ఎంతో అడగండి. ఇద్దరూ పెన్షనర్లయితే ఎవరి డబ్బుకు వాళ్ల పాన్ ఇవ్వండి.

చాలా కంపెనీలు బయలుదేరడానికి మూడు నాలుగు నెలల ముందే పూర్తి సొమ్ము అడుగుతాయి, ఆ తర్వాత మానుకుంటే దాదాపు ఏమీ తిరిగి రాదు. ఇన్సూరెన్స్ అడ్వాన్సు కట్టిన రోజే తీసుకోండి. ఓడ ఎక్కేది అర్జెంటీనాలో కాబట్టి ఆ వీసా గురించి ఏజెంటు నోటి మాట కాదు, ఎంబసీ వెబ్‌సైటే చూడండి.

బెంజ్ సర్కిల్ అక్క · సోమవారం సాయంత్రం 6:45

ఉత్తర ధ్రువం వైపు స్వాల్‌బార్డ్ కూడా ఆలోచించండి పిన్నీ. నేను జూలైలో వెళ్లాను. నార్వేది, ప్రయాణం తక్కువ, డ్రేక్ లాంటి సముద్రం దాటక్కర్లేదు. మన దేశపు హిమాద్రి కేంద్రం 2008 నుంచి అక్కడే నీ ఓలెసుండ్‌లో ఉంది. స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదు కానీ నార్వే మీదుగా వెళ్లి రావాలి కాబట్టి షెంగెన్ వీసా ఒకటికి మించి సార్లు ప్రవేశించేది ఉండాలి. మా పక్కింటివాళ్లు ఒకసారి ప్రవేశానికే తీసుకుని ఇబ్బంది పడ్డారు. తెల్ల ఎలుగుబంట్లకు కనీసం 300 మీటర్ల దూరం, మార్చి నుంచి జూన్ చివరి దాకా 500. గైడ్లు తుపాకులతో ముందు దిగి చూసి వచ్చాకే మనల్ని దించుతారు.

పటమట టీచర్ · సోమవారం రాత్రి 9:00

అక్క చెప్పింది బాగుంది, కానీ పెంగ్విన్లు దక్షిణానే కదమ్మా. నాకు ఆ వాషరు కిందిదే కావాలి. బట్టల సంగతి చెప్పండి. మైనస్ నలభై అని అందరూ భయపెడుతున్నారు. బీసెంట్ రోడ్డులో దొరికే బండి రెయిన్ ప్యాంటు పనికొస్తుందా?

కొంగల చెరువు · సోమవారం రాత్రి 10:20

మైనస్ నలభై లోపలి ఖండంలో, చలికాలంలో. మీరు వెళ్లే అంటార్కిటికా ద్వీపకల్పంలో వేసవిలో సున్నాకు అటూ ఇటూ ఉంటుంది. చలి కంటే తడే శత్రువు. లోపల థర్మల్, మధ్యలో ఉన్ని, పైన నీళ్లు దిగనిది. మందపాటి కోటు చాలా ఓడల్లో వాళ్లే ఇస్తారు, బూట్లు అరువిస్తారు, బుక్ చేసేటప్పుడే అడగండి.

ప్యాంటు మాత్రం మంచిది కావాలి. పడవ అంచు మీద కూర్చుంటే నీళ్లు కుట్ల దగ్గరే దిగుతాయి. బండి ప్యాంటు కొని ఉంటే వేసుకుని, బాత్రూములో టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి పది నిమిషాలు కూర్చోండి. లోపల తడి తగిలితే అది పనికిరాదు.

బ్యూనస్ ఐరిస్‌లో దిగే ఎయిర్‌పోర్టు ఒకటి, ఓడ బయలుదేరే రేవు ఉషుయాయాకు విమానం ఎక్కేది చాలాసార్లు వేరొకటి, ఊరు దాటి వెళ్లాలి. ఓడ బయలుదేరే రోజుకు రెండు రోజుల ముందే ఉషుయాయా చేరండి. నా పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. ఒక జత థర్మల్ చేతి సంచిలో ఉండడంతో బతికిపోయాను.

నెల సంగతి: నవంబరులో మంచు చెక్కు చెదరకుండా ఉంటుంది, పెంగ్విన్లు రాళ్లు ఏరుకుని గూళ్లు కట్టుకుంటాయి. డిసెంబరు చివర నుంచి జనవరి దాకా పిల్లలు. ఫిబ్రవరి, మార్చిలో తిమింగలాలు. ఎక్కడ దిగుతారో ముందే రాసిచ్చిన లిస్టును మాత్రం టైమ్ టేబుల్ అనుకోవద్దు. లెమేర్ ఛానల్ కోసం నేను ఎంతో ఎదురు చూశాను, మంచు అడ్డం పడి ఓడ వెనక్కి తిప్పారు. దానికి బదులు దిగిన చోటు పేరు కూడా నాకు అంతకు ముందు తెలియదు. అక్కడే అడెలీ పెంగ్విన్లను చూశాను.

పటమట టీచర్ · గురువారం ఉదయం 7:30

ఏజెంటు ఫోన్ చేశారు. పెద్ద ఓడలో 2,600 మంది, ఒడ్డుకు దించరు. వద్దన్నాను. చిన్న ఓడలో 114 మంది. రోజుకు రెండుసార్లు దించే ప్రయత్నం చేస్తామని, వాతావరణాన్ని బట్టి మారుతుందని మెయిల్‌లో రాసిచ్చారు. జనవరికి అడ్వాన్సు కట్టాం. గది కింది డెక్కులో, మధ్యలో. మావారు ఇంజన్ రూమ్ గారి పోస్టు ప్రింటు తీయించుకుని చదువుకుంటున్నారు.

రెయిన్ ప్యాంటు టబ్బులో పరీక్షించాను. నాలుగు నిమిషాలకే తడిసింది.

కొంగల చెరువు · గురువారం ఉదయం 7:50

నా ప్యాంటు మా చెల్లెలు వేసుకుని చూస్తే సరిపోయింది, మీకూ సరిపోవచ్చు. కొనకండి. ఆదివారం ఉదయం ఆరింటికి ఉప్పలపాడు చెరువు దగ్గర ఉంటాను, సార్‌నూ తీసుకురండి. వెల్‌క్రో ఉన్న సంచి మాత్రం వద్దు, అక్కడ గట్టు నిండా ఉత్తరేణే.

మిర్చి యార్డు రోడ్డు · గురువారం ఉదయం 8:15

టీచర్ గారూ, మీవారి పాదం సైజు ఎంత? మా నాన్న బూట్లు తొమ్మిదో నంబరు, ఓడలో ఇవ్వకపోతే అవి తీసుకెళ్లండి. ఆయనే ఇవ్వమన్నారు.